ప్రథమపాదే అన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి

పోయిన కార్తీకంలో బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోనే తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు, శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే అని రైలు వెళ్ళినట్టు వెళ్ళిపోతున్నారు, పీటల మీద అబ్బాయి ఒక చేతిలో అక్షింతలు, ఇంకో చేతిలో ఫోన్. శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే అని కూడా అనేశారు. బెంగళూరు శ్రీశైలానికి నైరుతిలో కదా, ఎక్కడో ఊళ్ళో నేర్చుకున్నది అలాగే వచ్చేసింది, ఒక్కరూ పట్టించుకోలేదు. నా మొహం చూసి పక్కన పెద్దాయన "ఏం చేస్తాం లేమ్మా, కలికాలం" అన్నారు. నాకు ఆ ఫోన్ కంటే ఈ మాటే ఎక్కువ బాధేసింది.

ప్రథమపాదే అంటే కలియుగం మొదటి పాదంలో అని. పాదం అంటే నాలుగో వంతు, నిజమే. కలి 4,32,000 ఏళ్ళు, అందులో పాదం 1,08,000, గడిచింది 5 వేల చిల్లర. కానీ పాదం అంటే కాలు కూడా కదండీ! ఆ మాట చెవిన పడగానే నాకు భాగవతంలో పరీక్షిత్తు మహారాజు చూసిన ఎద్దు కళ్ళముందుకొస్తుంది. తపస్సు, శౌచం, దయ పోయి సత్యం అనే ఒక్క కాలి మీద వణుకుతూ నిలబడ్డ ధర్మదేవత. యుగాల ఏళ్ళు చూసినా 17,28,000 నుంచి నాలుగు, మూడు, రెండు, ఒకటి అనే దిగుతాయి, కాలం కూడా ఆ కాళ్ళ మీదే నడుస్తోంది.

రాజు వేషంలో ఉన్న కలి ఎదురుగానే నిలబడి కొడుతున్నాడు, పరీక్షిత్తు "నీ కాళ్ళు విరగ్గొట్టింది ఎవరు" అని అడిగితే ఆ ఎద్దు ఏమంది? వీడే అని చూపించలేదు. కొందరు దైవం అంటారు, కొందరు కర్మ అంటారు, కొందరు స్వభావం అంటారు, నువ్వే ఆలోచించుకో రాజా అంది. అధర్మం చేసినవాడికి ఏ గతో వేలెత్తి చూపించినవాడికీ అదే గతి కాబట్టి, ఇలా మాట్లాడింది కాబట్టి, నువ్వు ధర్మానివే అని రాజు గుర్తుపట్టాడు. మూడు కాళ్ళు పోయిన ఎద్దు కూడా కలి మీద నెట్టలేదు, మనం మాత్రం పొద్దున లేస్తే కలికాలం, కలికాలం. పరీక్షిత్తు కలిని చంపకుండా ఎందుకు వదిలాడో కూడా భాగవతమే చెప్పింది, ఈ యుగంలో మంచి పని మనసులో అనుకుంటేనే ఫలిస్తుంది, చెడు మాత్రం చేస్తేనే అంటుకుంటుంది అని. అనుకోవడం అంటే సంకల్పమే కదా. అనుకుంటే చాలు ఫలమిచ్చే యుగంలో పుట్టి ఆ అనుకోవడాన్నే నమిలి మింగేస్తే ఎలా అండీ.

నాకు ప్రాణమైన మంత్రం ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది. హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు అడవి నుంచి ఇంటికి మళ్ళినప్పుడల్లా ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి నడువు, నడువు అంటాడే, అక్కడిది.

కలిః శయానో భవతి సంజిహానస్తు ద్వాపరః
ఉత్తిష్ఠంస్త్రేతా భవతి కృతం సంపద్యతే చరన్ - చరైవేతి

పడుకున్నవాడు కలి, పక్క మీంచి లేస్తున్నవాడు ద్వాపరం, నిలబడ్డవాడు త్రేత, నడిచేవాడే కృతయుగం, కాబట్టి చరైవేతి, నడుస్తూనే ఉండు. అంటే లక్షల ఏళ్ళ లెక్క అంతా మన ఒంట్లోనే ఉంది. అక్కడే ఇంకో మాట, పుష్పిణ్యౌ చరతో జంఘే, నడిచేవాడి పిక్కలు పూస్తాయట. ఎంత ముద్దుగా చెప్పారో చూడండి.

ఇది నాకు పుస్తకంలో కాదు, ఆసుపత్రిలో అర్థమైంది. ఎండాకాలంలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మొదటి రోజు గోడవైపు మొహం తిప్పుకుని పడుకునే ఉంది, ఇంక నా పనైపోయిందే అంది. మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి లేపి కూర్చోబెడితే మంచం కమ్మీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత వాకర్ పట్టుకుని నిలబడింది కానీ పాదం నేలకి ఆనించడానికి భయం, కాలివేళ్ళు ముడుచుకుపోయి తెల్లగా అయిపోయాయి. ఆ అమ్మాయి మెల్లగా కన్నడలో "నడీరి అమ్మా, నడీరి" అంటోంది. నాకు చరైవేతి, చరైవేతి అనే వినపడింది, ఏడుపు ఆగలేదు.

మాది బనగానపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అవ్వ యాగంటికి తీసుకుపోయి అక్కడి రాతి నంది బసవన్న మీద నా చెయ్యి పెట్టించి "పెరుగుతాండాడమ్మా, కలియుగం అయిపోయేనాటికి లేచి రంకేస్తాడు, బ్రెమ్మంగారు చెప్పినారు" అనేది. ఆ స్వామి లేచేది ఎప్పుడో, మనం లేవడం మాత్రం మన చేతిలోనే ఉంది. దయచేసి ఈసారి ఫోన్ పక్కన పెట్టండి. ప్రథమపాదే అన్నప్పుడు పంతులుగారితోపాటు మీరూ నోరారా అనండి, ఇవాళ ఒక్క అబద్ధం ఆడను అనుకోండి, ఆ మిగిలిన ఒక్క కాలికి కాస్త ఊతం ఇవ్వండి. పిల్లలకి కూడా చెప్పండి, మీరు చెప్పకపోతే వాళ్ళకి ఎవరు చెప్తారు?

ఆఖరి కార్తీక సోమవారం బసవనగుడిలో శెనక్కాయల పరిషకి, అదే జాతరకి, అమ్మ తనూ వస్తానంది. రోడ్డుకి రెండు పక్కలా కాయల కుప్పలు, జనం, దుమ్ము, వద్దన్నా వినలేదు. దొడ్డ బసవన్న మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని, ముందు మంచి కాలు, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఒక్కో మెట్టూ ఎక్కింది. అంత పెద్ద ఏకశిల బసవన్న ముందు నిలబడి తనకి తనే సంకల్పం చెప్పుకుంది, శ్రీశైలస్య నైరుతి ప్రదేశే అని సరిగ్గా అంది. అంతకుముందు ప్రథమపాదే దగ్గర మాత్రం ఆగి, వంగి, తన పాదం వైపు ఒకసారి చూసుకుంది.