టేబుల్ సా బ్లేడు వెనుక నిలిచే రేకు

హైదరాబాదులో చెక్క పని జరుగుతున్న చాలా ఫ్లాట్లలో హాలు మధ్యన ఒక ప్లైవుడ్ బల్ల, దాని అడుగున తలకిందులుగా బిగించిన చేతి కటింగ్ మిషను, బల్ల మీదికి పొడుచుకు వచ్చిన బ్లేడు కనిపిస్తాయి. బ్లేడును కప్పే గార్డు ఉండదు. చెక్కను ఆనించి నెట్టే ఫెన్సు స్థానంలో రెండు క్లాంపులతో పట్టించిన చెక్క బద్ద ఉంటుంది. నాకు ఈ పని నేర్పిన ఉస్తాదు కూడా అలాంటి బల్ల మీదే ఎంతో నైపుణ్యంతో పని చేస్తారు. అయినా ఆ బల్లకు లేని భాగాల పేర్లు, అవి చేసే పని తెలియకుండా ఎవరూ టేబుల్ సా, అంటే ఇలా బల్లలోంచి బ్లేడు పైకి వచ్చే కోత యంత్రం, ముందు నిలబడకూడదని నేను నమ్ముతున్నాను.

ఆ నమ్మకం నాకు ఒక మధ్యాహ్నం కలిగింది. రాణిగంజ్‌లో కొన్న 10 అంగుళాల యంత్రం మీద, భోయిగూడ టింబరు డిపో నుంచి తెచ్చిన టేకు పలకను రెండేసి అంగుళాల బద్దలుగా చీలుస్తున్నాను. గార్డు, బ్లేడు వెనుక నిలిచే రేకు ఒకే ముక్కగా వచ్చే పాత తరహా యంత్రం కావడంతో, గార్డు చూపుకు అడ్డమని తీసినప్పుడు రేకు కూడా పోయింది. పలక సగం దాటేసరికి, లోపల పూర్తిగా ఆరని చెక్క వంగి, కోసిన సందు మూసుకుపోసాగింది. మోటారు మూలిగింది, కాలిన టేకు వాసన వచ్చింది, మరుక్షణం ఫెన్సు పక్కనున్న బద్ద నా నడుము పక్కగా దూసుకుపోయి వెనుక గోడకు తగిలి ప్లాస్టరు పెచ్చు ఊడగొట్టింది. "చెక్క వచ్చే దారిలో నిలబడకండి సార్" అని ఉస్తాదు మొదటి రోజే చెప్పి ఉండకపోతే, నేను బ్లేడుకు ఎడమవైపు కాక సరిగ్గా దాని వెంబడే నిలబడి ఉండేవాణ్ని.

దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. మనవైపున్న పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమిపడతాయి. వెనుకవైపు పళ్లు పైకి లేస్తూ ఉంటాయి. సందు మూసుకుపోయినా, చెక్క ఫెన్సు నుంచి పక్కకు జరిగినా ఆ వెనుక పళ్లకు తగులుతుంది, అవి దాన్ని ఎత్తి మన మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు; నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద కార్లకు అనుమతించే గరిష్ఠ వేగం 120 మాత్రమే.

వెనుక రేకు పని ఆ సందును తెరిచి ఉంచడమే. బ్లేడుతో పాటు లేస్తూ, దిగుతూ, వాలుతూ ఉండే రేకును రైవింగ్ నైఫ్ అంటారు. కదలకుండా ఉండేది స్ప్లిట్టర్. అప్పటి నా యంత్రంలో ఉన్నది రెండోది. చెక్కను పూర్తిగా తెంచకుండా పైపైన గాడి కోయాలంటే దాన్ని తీయక తప్పదు, తీసినదాన్ని తిరిగి పెట్టడం ఎవరైనా మరిచిపోతారు. రైవింగ్ నైఫ్ బ్లేడు కొస కంటే కాస్త కిందే ఉంటుంది కాబట్టి గాడి కోసేటప్పుడు కూడా దాని చోట అది ఉంటుంది. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువగా, కోత వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. ఆ కోత వెడల్పు పేరు కెర్ఫ్. మామూలు బ్లేడుకు అది సుమారు 3.2 మిల్లీమీటర్లు, ఒక పలకను అయిదు బద్దలు చేస్తే నాలుగు కోతల్లో దాదాపు 13 మిల్లీమీటర్ల చెక్క పొట్టుగా పోతుందని ముందే లెక్క వేసుకోవాలి.

నార వెంబడి చీల్చే రిప్ కోతకు 24 పళ్ల బ్లేడు, బ్లేడుకు సమాంతరంగా బిగించిన ఫెన్సు కావాలి. ఫెన్సుకూ బ్లేడుకూ మధ్య దూరం ఆరు అంగుళాల కంటే తగ్గితే చేత్తో కాక పుష్ స్టిక్ అనే నెట్టుడు కర్రతోనే నెట్టాలి. నారకు అడ్డంగా కోసే క్రాస్‌కట్‌కు 60 పళ్లది మేలు. చెక్కను మైటర్ గేజికి ఆనించి, బల్ల గాడిలో దానితో పాటు జరపాలి. ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా చేసే తప్పు కొలత కోసం చెక్క రెండో కొసను ఫెన్సుకు తాకించడం. తెగిన ముక్క ఫెన్సుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కుని, ఐమూలగా తిరిగి ఎగిరిపడుతుంది. అందుకని బ్లేడుకు చాలా ముందుగానే ఫెన్సుకు ఒక దిమ్మె బిగించి, కొలత దానితో తీసుకుంటాను. కోత మొదలయ్యేసరికి చెక్క దిమ్మెను దాటి ఉంటుంది. ప్లైవుడ్ కోసేటప్పుడు మంచి ముఖం పైకి ఉంచాలి, ఎందుకంటే పెచ్చులు లేచేది కింది వైపు.

మన ఊళ్లో మరో ప్రమాదం కరెంటు. కోత మధ్యలో కరెంటు పోయి తిరిగి వస్తే, మామూలు స్విచ్చున్న యంత్రం దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది, అప్పటికి మన చెయ్యి బ్లేడు దగ్గర ఉండవచ్చు. నో-వోల్ట్ స్విచ్చు ఉంటే మళ్లీ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. నేను ఆ స్విచ్చు వేయించాను, రైవింగ్ నైఫ్ ఉన్న యంత్రానికి మారాను. గ్లౌజులు మాత్రం వేసుకోను. బ్లేడు గుడ్డను పట్టుకుంటే వేళ్లను కూడా లాగుతుంది.

గత నెల ఉస్తాదు పని చేస్తున్న చోటికి వెళ్లాను. ఆయన ప్లైవుడ్ బల్ల మీద, బ్లేడు వెనుక, సరిగ్గా కోత వరుసలో, సందులో దూరేంత పలచగా చిత్రిక పట్టిన టేకు ముక్క ఒకటి జిగురుతో నిలబెట్టి ఉంది.