పొయ్యిలో పిల్లి

ఆదివారం. తెల్లారిందగ్గర్నుంచీ ముసురు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి వచ్చింది, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్పిందే చెబుతున్నారు. మా ఇల్లు ఏటిగట్టుకి ఇవతల. రెండో హెచ్చరిక, అంటే 13.75 దాకా వస్తే గానీ మా వీధిలో ఎవరూ గట్టెక్కి చూడరు. పైగా ఇవాళ మా ఇంట్లో ధ్యాసంతా అటక మీదే.

మా చారల పిల్లి పన్నెండు రోజుల కిందట అక్కడే పిల్లల్ని పెట్టింది. మూడు. రెండు తల్లిలాగే చారలవి, ఒకటి నలుపూ తెలుపూ. అటక మీద కురిడీకని పోసిన కొబ్బరికాయలున్నాయి. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కాయ ఊపితే గుండు లొటలొటలాడాలంటే దగ్గర దగ్గర ఏడాది పడుతుంది. అప్పటిదాకా అటు ఎవరూ ఎక్కరు. అంబాజీపేట బేరగాళ్ళకి తెలిసిన ఈ లెక్క పిల్లికెలా తెలిసిందో గానీ, ఇల్లంతా వెతుక్కుని సరిగ్గా ఆ రాశి వెనకే చోటు చూసుకుంది.

ఎవరూ ఎక్కరన్నాను కదా, నేనెక్కాను. బాలింత, మాటిమాటికీ కిందకి దిగి ఎక్కడం దేనికని నాలుగు రోజులుగా దాని తిండి పైకే మోస్తున్నాను. పులస అనుకునేరు, మా తాహతుకి శీలావతే. తలకాయ, తోకముక్క కాస్త అన్నంలో కలిపి, సత్తు పళ్ళెంలో పెట్టి, పిల్లల పక్కకి జరిపేవాణ్ణి. నిన్న మా అమ్మాయి కూడా నా వెనకే నిచ్చెనెక్కి, నలుపూ తెలుపూ దాన్ని ఒక్కసారి వేలితో నిమిరింది. ముట్టుకోవద్దని కసిరాను.

పొద్దున ఏడింటికి కాఫీ తాగుతుంటే అటక మీంచి ధాన్యం బస్తాల మీదకి దభీమని ఏదో దూకింది. పిల్లి. నోట్లో పిల్ల. మెడ వెనక తోలు పళ్ళ మధ్య పట్టుకుంది. పిల్ల కాళ్ళు ముడుచుకుని, తోక పొట్టకి ఆనించుకుని, ప్రాణముందా లేదా అన్నంత కదలకుండా వేలాడుతోంది. కళ్ళు ఇప్పుడిప్పుడే విడుతున్నాయి, ఒక కన్నింకా సగమే. అది నేలకి రాసుకోకుండా తల్లి మెడ నిక్కించి నడుస్తోంది. నన్ను చూసి ఆగింది. నేను కప్పు పట్టుకుని అలాగే కూర్చున్నాను. రోజూ నా కుర్చీ కిందనుంచి పోయేది, ఇవాళ గోడవారగా చుట్టు తిరిగి, పెరటి గుమ్మం దాటి వానలోకి వెళ్ళిపోయింది.

మూడు పిల్లలకి నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి పైకెక్కి, కాసేపుండి, ఉత్త నోటితో దిగింది.

“ఏడిళ్ళు తిప్పుతుందిరా పిల్లి. ఇది రెండోదేగా, ఇంకా ఐదున్నాయి” అంది అమ్మ, గోంగూర వలుస్తూ.

మా అమ్మాయి మాత్రం “నేను ముట్టుకున్నాననేనా నాన్నా?” అని ఏడుపు లంకించుకుంది. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను. దాన్ని ఊరుకోబెట్టి, టార్చి పట్టుకుని అటకెక్కాను.

పళ్ళెం నిండా ఎర్ర చీమలు. దూలం వెంబడి బారు కట్టి ఒక్కో ముల్లుకీ గుంపుగా ముసిరి ఉన్నాయి. ఆ బారు పళ్ళెం దగ్గర ఆగలేదు. పిల్లల కింద వేసిన పాతచీర పేలిక మీదుగా, అవి పడుకున్న గుంట దాకా పోయింది. దానికి తోడు ముక్కు పగిలే కంపు. రాశి ఇవతల కొసన గండుపిల్లి ఉచ్చ పోసి పోయింది. రెండు రాత్రులుగా పెంకుల మీద దాని అరుపు వింటూనే ఉన్నాను. శీలావతి తలకాయ కోసం తిరుగుతోందని తట్టలేదు.

మా పెదనాన్నగారబ్బాయి పశువుల ఆస్పత్రిలో చాలాకాలం పనిచేశాడు. ఫోన్ చేస్తే ముందు నవ్వాడు.

“రోజూ మీ చేతి కూడు తినే పిల్లికి మీ వాసన కొత్తేంట్రా? పిల్లల్ని పెట్టగానే మావిని తనే తినేస్తుంది. పిల్లలకి మొదట్లో ఒంటికీ రెంటికీ వాటంతటవి రాదు, తల్లి నాకితేనే వస్తుంది. అదీ తనే శుభ్రం చేసేసుకుంటుంది. అక్కడ వాసనన్నది లేకుండా అది అంత పాటుపడుతుంటే, నువ్వెళ్ళి పక్కనే చేప పెట్టావు. గండుపిల్లి తనవి కాని పిల్లల్ని చూస్తే చంపేస్తుంది కూడా. పాలుతాగే పిల్లలు పోతే తల్లి మళ్ళీ ఎదకొస్తుంది కదా, దానికి కావలసిందదే.”

తప్పు నీది కాదమ్మా, నాది అని అమ్మాయితో చెప్పాను. అది వెంటనే ఏడుపాపి, పక్కింటికి పరిగెత్తి, వాళ్ళ నాన్న చేసిన ఘనకార్యం నలుగురికీ చెప్పి వచ్చింది.

పిల్లలు ఎక్కడున్నాయో అమ్మే కనిపెట్టింది. పెరట్లో పాత వంటపాక ఉంది. గ్యాస్ వచ్చాక ఆదివారం తలంట్లకి నీళ్ళు కాచుకోవడానికి తప్ప అటు వెళ్ళం. అమ్మ పొయ్యిలో పుల్లలు పెట్టబోయి, వంగి చూసి, “ఒరేయ్, ఇలా రా, మన పొయ్యిలో పిల్లి లేవలేదు” అని ఒకటే నవ్వు. తిండికి జరగని ఇళ్ళ గురించి అనే మాట అది. నిజంగా పొయ్యిలో పిల్లిని చూసి ఎవరైనా అనడం నేను వినడం ఇదే. వారం కిందటి బూడిదలో మూడు పిల్లలూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. నలుపూ తెలుపూది ఇప్పుడు మొత్తం బూడిదరంగే.

“బూడిదలోకి చీమ రాదు. పైన కప్పూ కారదు. నీకన్నా నయం” అంది.

అక్కడే పీటేసుకుని 1986 ఆగస్టు వరద కథ ఎత్తుకుంది. అప్పుడు మేం లంకలో ఉండేవాళ్ళం, నాకు మూడేళ్ళు. ముందు నన్ను చంకనేసుకుని, అక్క చెయ్యి పట్టుకుని గట్టెక్కిందట. తర్వాత దూడ. తర్వాత బియ్యం డబ్బా. ఆ తర్వాత మోకాళ్ళ లోతు నీళ్ళలో ఇంకోసారి ఇంటికి వెళ్ళి, ఏమీ తీసుకోకుండా తిరిగొచ్చింది. ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

“ఎందుకమ్మా?”

“ఏమోరా. ఏదైనా వదిలేశానేమోనని.”

నీళ్ళు గ్యాస్ మీదే కాచుకున్నాం. సిలిండర్ నెల కూడా రాదని సణుగుతూనే అమ్మ పుల్లల మోపు తెచ్చి వసారాలో పెట్టింది.

సాయంత్రం పళ్ళెం కడిగి, అన్నం నూతి గట్టు దగ్గర పెట్టాను. పాకకి ఎంత దూరమైతే అంత దూరం. వచ్చి తినేసింది. మూతి నాక్కుని, నా వైపొకసారి చూసి, పాక వైపు కాకుండా కొబ్బరిచెట్లలోకి నడిచింది. నేను లోపలికొచ్చి తలుపేసుకుని, కిటికీ సందులోంచి చాలాసేపు చూడగా చూడగా, దొడ్డంతా చుట్టి వచ్చి అప్పుడు దూరింది పాకలోకి.