ఎవరి తాలూకా?

తాటిపూడి జలాశయం గట్టు దిగి కొండవైపు కాలిబాట పట్టగానే మా పెద్దది ఆగిపోయింది. పన్నెండేళ్ళు దానికి. అటూ ఇటూ చూసి, "తాతయ్యా, బాణం ఏదీ?" అంది.

"బాణమేటమ్మా?" అన్నారు మా నాన్న.

ఇంగ్లండు పల్లెల్లో గేటు స్తంభాలకి పసుప్పచ్చ బాణం గుర్తు కొట్టి ఉంటుంది. అది ఉంటే ఆ పొలం ఎవరిదైనా సరే, ఆ దారిన ఎవరైనా నడవొచ్చు. తెరిచిన గేటు తెరిచినట్టు, మూసిన గేటు మూసినట్టు వదిలేసి పోవాలి, అంతే. బాణం లేని చోట కాలు పెట్టకూడదని బడిలోనే నేర్పారు దానికి. ఇదంతా విడమరిచి చెప్పాక నాన్న కాసేపు ఆలోచించి, "మన జీడితోటకి ఎల్డానికి మనకి బాణమెందుకే?" అన్నారు.

మేం లీడ్స్‌లో ఉండబట్టి పద్నాలుగేళ్ళు. మొదట్లో అక్కడివాళ్ళ నడక పిచ్చి నాకు అర్థమయ్యేది కాదు. విజయనగరం జిల్లాలో పెరిగినదాన్ని, నడవడం రాక కాదు. సంతకి నడిచాం, పెళ్ళిళ్ళకి నడిచాం, బస్సు తప్పిపోతే నడిచాం. ఉత్తినే వెళ్ళి ఉత్తినే రావడానికి తొంభై పౌండ్లు పోసి బూట్లు కొనడమేమిటని మా ఆయనతో గొడవ కూడా పడ్డాను. పిల్లల స్నేహితులంతా ఆదివారాలు కొండల్లోకి పోతుంటే మనవాళ్ళు ఇంట్లో కూర్చోకూడదని మొదలుపెట్టాం. ఇప్పుడు నెలకోసారి వెళ్ళకపోతే నాకే కాళ్ళు లాగుతాయి.

మాకు బాగా అలవాటైన చోటు మాలమ్. యార్క్‌షైర్ డేల్స్‌లో చిన్న ఊరు. ఊరి వెనకాల సున్నపురాయి గోడ ఒకటి, 80 మీటర్లు నిట్టనిలువుగా ఉంటుంది. మంచుయుగం చివర కరిగిన నీళ్ళు దాని మీంచి జలపాతమై దూకేవట. ఇప్పుడు పొడి గోడ. 2015 డిసెంబరు తుపానులో మాత్రం ఒక్కసారి మళ్ళీ దూకాయి. మేం వెళ్ళేసరికి ఆగిపోయాయి. మా ఆయనకి ఆ బాధ ఇంకా పోలేదు.

పక్కనున్న నాలుగొందల మెట్లెక్కితే పైన పీఠభూమి. ఎండాకాలం నెర్రెలు విచ్చిన చెరువు ఉన్నపళంగా రాయైపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాననీళ్ళు వేల ఏళ్ళుగా రాతి పగుళ్ళలోకి దిగి, కొంచెం కొంచెంగా కరిగించి చేసిన పని అది. ఆ నెర్రెల్ని గ్రైకులంటారు. గాలి తగలని ఆ సందుల్లో ఫెర్న్ మొక్కలు పెరుగుతాయి. ఒకసారి మా చిన్నాడి కాలు మోకాలిదాకా అందులోకి దిగిపోయింది. కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. (ఏ బూటో మళ్ళీ చెప్పక్కర్లేదు.) అక్కణ్ణించి గోర్డేల్ స్కార్ అనే ఇరుకు లోయలోకి వెళ్తే రెండు పక్కలా రాళ్ళు నెత్తిమీదికి వంగి ఉంటాయి, మాటలు మళ్ళీ మనకే వినబడతాయి.

నాన్నకి నేను ఫోన్లో ఇదంతా చెప్పినప్పుడు ఆయన పట్టించుకున్నది ఒక్కటే. "సున్నపురాయా? అయితే మీ కొండ కిళ్ళీలోకి పనికొస్తాదన్నమాట."

ఆ దారుల్లో ఎదురుపడ్డవాళ్ళంతా "మార్నింగ్" అంటారు. మనమూ అంటాం. ఎవరి దారిన వాళ్ళు పోతాం. మా పిల్లలకి మర్యాద అంటే అదే.

ఇక్కడ తాటిపూడి కొండ కింద మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఎవరి తాలూకా అమ్మా? ఎక్కడికెల్తన్నారు?" ఎవరి మనుషులు, ఏ ఇంటివాళ్ళు అని మా వైపు అడిగే తీరు అది.

పెద్దది నోరు విప్పలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో గొణిగింది, తెలియనివాళ్ళకి పేరు చెప్పొద్దని నువ్వే కదా చెప్పావు అని. నిజమే, చెప్పాను. నాన్న ఊరు చెప్పారు, ఇంటిపేరు చెప్పారు, వాళ్ళ నాన్నగారి పేరు కూడా చెప్పారు. అంతే, ఆయన ముఖమే మారిపోయింది. ఈ దారి ముందర గెడ్డ కోసేసింది, చింతచెట్టు పక్కనుంచి పొండి అన్నాడు. పంచె చెంగులోంచి రేగుపళ్ళు తీసి చిన్నాడి దోసిట్లో పోశాడు. మా వాడికి ఇది మహా నచ్చింది. పేరు చెబితే పళ్ళు ఇస్తారు! మర్నాడంతా కనబడ్డవాళ్ళకల్లా తాతయ్య ఇంటిపేరు చెప్పుకుంటూ తిరిగాడు.

పెద్దది అలా కాదు. రాత్రి దోమతెరలో పడుకుని అడిగింది. "ఇంటిపేరు ఎందుకమ్మా ఆయనకి?"

గుర్తుపట్టడానికి అన్నాను. అది సగమే నిజం. మా ఊళ్ళో ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టే చాలాసార్లు. నేను చెప్పకపోతే ఇంకెవరో అంతకన్నా దరిద్రంగా చెబుతారని మిగతా సగం కూడా చెప్పాను. విని చాలాసేపు ఊరుకుంది.

"బాణం ఇంటిపేరు అడగదు కదా" అంది.

దాని నోట ఆ మాట వినగానే గర్వం, కోపం రెండూ కలిగాయి నాకు. బాణమూ ఊరికే రాలేదని చెప్పాను. 1932లో కిండర్ స్కౌట్ కొండమీద జమీందార్ల వేట భూముల్లోకి కూలీలు, మిల్లు పనివాళ్ళు గుంపుగా నడిచి వెళ్తే అయిదుగురిని జైల్లో వేశారు. మాలమ్ మీదుగా పోయే పెన్నైన్ వే నడకదారి మొదలైంది 1965లో. అంతవరకూ ఆ దేశంలోనూ కొండ ఎవరి తాలూకా అన్నదే ప్రశ్న. అది అప్పటికే నిద్రపోయిందేమో, తెలీదు.

రెండు రోజుల తర్వాత ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర కొండ కింద ఆగాం. పై ఊళ్ళనించి ఆడవాళ్ళు దిగుతున్నారు, నెత్తిన అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు. కాళ్ళకి చెప్పులు లేవు. మా పిల్లల వీపుల మీద బ్యాగుల్లో నీళ్ళ సీసా, బిస్కట్లు. ఇదెంత దూరం ట్రెక్ అని చిన్నాడు అడిగాడు. ఇది ట్రెక్ కాదురా అన్నాను. రోడ్డు లేని ఊళ్ళనించి నొప్పులొచ్చిన మనిషిని కూడా డోలీ కట్టి మోసుకుని ఇదే దారిన దింపుతారు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. పెద్దదానికి చెప్పాను.

బొర్రా గుహలకి రైల్లో వెళ్ళాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన లైను అది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు. లోపల నాన్న ఆవు కథ చెప్పారు, మేస్తూ మేస్తూ పైకప్పు కన్నంలోంచి కింద పడిందని, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనబడిందని, ఏటికి గోస్తనీ అని అందుకే పేరని. పెద్దది పైనుంచి వేలాడుతున్న రాయిని చూసి, ఇదీ మాలమ్ లాగే నీళ్ళు చేసిందేనంది. పని ఒకటే. రాళ్ళే వేరు. మాలమ్‌ది సముద్రజీవుల గుల్లలు పేరుకుని అయిన రాయి. తూర్పు కనుమలది అంతకన్నా ఎంతో పాతది, భూమి లోపలి వేడికి ముద్దై మారిన రాయి.

అప్పుడది తాతయ్యకి మాలమ్ ఏరు కథ చెప్పింది. కొండమీద చెరువులోంచి వచ్చే నీళ్ళు ఉన్నట్టుండి నేలలో ఇంకిపోతాయి. ఆ రాతిగోడ కిందే బయటికి వస్తాయని జనం అనుకునేవారట. రంగు కలిపి చూస్తే ఊరు దాటాక ఇంకో ఊటలో తేలాయి.

"మన నీళ్ళు మాత్రం ఇక్కడివే" అన్నారు నాన్న. "ఈ గోస్తనీయే తాటిపూడి చేరతాది, అక్కణ్ణించి మన మడికి." మనవరాలు చెయ్యి చాచి రాతి మీంచి కారుతున్న నీటిని ముట్టుకుంది.

లీడ్స్ తిరిగి వచ్చిన మూడో ఆదివారం మాలమ్ వెళ్ళాం. గోర్డేల్ దారిలో కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన "మార్నింగ్" అన్నాడు. మా చిన్నాడు ఆగి, మీరు ఎవరి తాలూకా అని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపి అడిగాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆయన ఒక్క నిమిషం తెల్లబోయి, కర్ర గోడకి ఆనించి, లోయ అవతల ఒక పెంకుటిల్లు చూపించి మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న, తాత, ఆ తాతకి ఉన్న గొర్రెలు, ఏ గోడ ఎవరు కట్టారు. మాకు స్కిప్టన్ బస్సు తప్పిపోయింది.