మెడ మార్చిన పాత బాంజో

పోయిన శుక్రవారం జామ్‌లో, అంటే నలుగురం చేరి కలిసి వాయించుకునే చోట, ఒక పెద్దాయన తన బాంజో తీసి నా ఒళ్ళో పెట్టాడు. బాంజో అంటే డప్పులాంటి గుండ్రటి ఒంటికి పొడుగు మెడ తగిలించి తీగలు బిగించిన వాయిద్యం. మూడు నిమిషాలు పట్టుకున్నానో లేదో, అరచేతులు చెమటలు పట్టేసి మళ్ళీ ఆయనకే ఇచ్చేశా. ఇంటికొచ్చాక నిద్ర పడితే ఒట్టు. అదేదో ఇక్కడ రాసేస్తే అన్నా కాస్త తేలికవుతుందేమో అని కూర్చున్నా.

ముందు నా సంగతి చెప్పాలి. నార్త్ కరోలినాకి ఉద్యోగం మీద వచ్చి ఆరేళ్ళు, బాంజో మొదలుపెట్టి నాలుగేళ్ళు. వాయించడం అంటారా, ఇంట్లోవాళ్ళు తలుపేసుకునే దశ దాటింది, కానీ వచ్చి కూర్చుని వినే దశ ఇంకా రాలేదు. ఈ రాష్ట్రంలో ఉంటూ బాంజో చెవిన పడకుండా ఉండాలంటే కష్టమే, ఎందుకంటే బాంజోకి పెద్ద పేరు తెచ్చిన ఎర్ల్ స్క్రగ్స్ పుట్టిన ఫ్లింట్ హిల్ ఇక్కడే ఉంది, ఆ పక్కనే షెల్బీ ఊళ్ళో పాత కోర్టు బిల్డింగ్‌ని 2014లో ఆయన పేరు మీద మ్యూజియం చేశారు. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి పిక్స్, అంటే తీగలు మీటే తొడుగులు, తొడుక్కుని ఎక్కడా గ్యాప్ లేకుండా జలజలా వాయించే పద్ధతి ఈ చుట్టుపక్కల అంతకుముందే ఉంది, స్నఫీ జెంకిన్స్ లాంటివాళ్ళు అప్పటికే రేడియోలో వాయించేవాళ్ళు, కానీ దాన్ని పదును పెట్టి దేశం మొత్తానికీ వినిపించింది మాత్రం స్క్రగ్సే. 1945 డిసెంబర్‌లో మాండొలిన్ వాయించే బిల్ మన్రో బ్యాండ్‌లో చేరేనాటికి ఆయనకి ఇంకా 22 కూడా నిండలేదు. ఆ బ్యాండ్ పేరు బ్లూ గ్రాస్ బాయ్స్. తర్వాత వాళ్ళు వాయించే తరహా సంగీతానికే బ్లూగ్రాస్ అని పేరు స్థిరపడిపోయింది.

సరే పెద్దాయన బాంజో దగ్గరికొద్దాం. అది 1930ల నాటి గిబ్సన్ కంపెనీ మాస్టర్‌టోన్ బాంజో, మిషిగన్‌లోని కలమజూ ఫ్యాక్టరీలో చేసింది. వాళ్ళ భాషలో "ప్రీవార్", అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. జామ్‌లో ఎవరైనా ఈ మాట అన్నారంటే చుట్టూ ఉన్నవాళ్ళ గొంతులు కొంచెం తగ్గుతాయి, గర్భగుడి దగ్గరికొచ్చినట్టు. నాకు మొదట్లో ఇది చాలా అతిగా అనిపించేది. చెక్క, ఇనుము, తోలు, దానికి ఇంత భక్తి ఏంట్రా బాబూ అని.

పైగా అది పుట్టినప్పుడు అయిదు తీగల బాంజో కూడా కాదు. టెనర్, నాలుగు తీగలది. 1920ల్లో జాజ్ బ్యాండ్లకి, డ్యాన్స్ హాళ్ళకి కావాల్సింది టెనరే, అయిదు తీగలదంటే పాతకాలం పల్లెటూరి వాయిద్యం అని చిన్నచూపు. గిబ్సన్ కూడా ఎక్కువ టెనర్లే చేసింది. తర్వాత డిప్రెషన్, అంటే 1930ల ఆర్థిక మాంద్యం, వచ్చి జనం దగ్గర డబ్బుల్లేవు, బ్యాండ్లలో బాంజో ప్లేస్‌లోకి గిటార్ వచ్చేసింది, ఆ తర్వాత యుద్ధం వచ్చి లోహం అంతా అటు పోయింది, తయారీ ఆగింది. యుద్ధం అయిపోయాక స్క్రగ్స్ వచ్చాడు, ఆయన్ని విన్న ప్రతి కుర్రాడికీ అదే సౌండ్ కావాలి, కానీ ఆ సౌండ్ ఇచ్చే బాంజోలు అప్పటికే చెయ్యట్లేదు. సరుకున్నప్పుడు గిరాకీ లేదు, గిరాకీ వచ్చేసరికి సరుకు లేదు. ఫ్యాక్టరీ నుంచే అయిదు తీగలతో, ఫ్లాట్‌హెడ్ టోన్ రింగ్‌తో (అదేంటో కింద చెప్తా) బయటికొచ్చినవి చాలా కొద్ది, ఇప్పుడు వాటిల్లో ఒకటి కొనాలంటే లక్ష డాలర్లు దాటిపోతుంది. అందుకని మామూలోళ్ళు ఏం చేస్తారంటే పాత టెనర్ సంపాదించి, దాని పొట్టి మెడ ఊడదీసి, అయిదు తీగల కొత్త మెడ చేయించి పెట్టుకుంటారు. మా పెద్దాయన చేసిందీ అదే.

నేను అడిగా, మరి మెడే కొత్తదైతే ఇంక పాతది ఏముంది ఇందులో అని. నవ్వి, రెజొనేటర్, అంటే వెనకుండే చెక్క మూత, ఊడదీసి వెనక నుంచి చూపించాడు. అసలు ప్రాణమంతా అక్కడుందంట. గుండ్రటి మేపుల్ చెక్క చట్రం, దాన్ని రిమ్ అంటారు, దాని మీద టోపీలాగా కూర్చున్న లోహపు చక్రం, అదే టోన్ రింగ్, మూడు పౌండ్లు అటూ ఇటూ బరువుంటుంది. గుళ్ళో గంటకి వాడేలాంటి లోహమే, రాగి, తగరం కలిపి పోత పోసింది, అంటే మన కంచే. కంచుకంఠం అని ఊరికే అనలేదు మనవాళ్ళు. వీటిల్లో బంగారు పూత పూసిన మోడల్స్ కూడా ఉన్నాయి, గ్రెనాడా అని, చూడ్డానికి ధగధగలాడుతుంది గానీ లోపల మోగేది మాత్రం కంచే.

ఈ రింగుల్లో రెండు రకాలు, ఆర్చ్‌టాప్, ఫ్లాట్‌హెడ్. హెడ్ అంటే పైన బిగించే పొర. 11 అంగుళాల హెడ్ కింద రింగ్ అంచు దగ్గరే ఉంటే హెడ్ దాదాపు మొత్తం ఆడుతుంది, అది ఫ్లాట్‌హెడ్, గొంతు బరువుగా నిండుగా ఉంటుంది. ఆర్చ్‌టాప్‌లో అంచు లోపలికి జరిగి పైకి లేచి ఉంటుంది, ఆడే చోటు తగ్గి సౌండ్ సూదిలా గుచ్చుతుంది. స్క్రగ్స్‌ది ఫ్లాట్‌హెడ్, ఇంకో పేరున్న బాంజో వాద్యకారుడు రాల్ఫ్ స్టాన్లీ ఆర్చ్‌టాప్ మనిషి. నాకైతే స్టాన్లీ సౌండే ఇష్టం, ఈ మాట జామ్‌లో అంటే సగం మంది నన్ను జాలిగా చూస్తారు, చూడనీ.

అప్పట్లో హెడ్ అంటే దూడ తోలే. ముసురు పట్టిందంటే సాగిపోయి బొబబొబ అంటుంది, డప్పు మంట దగ్గర కాచుకున్నట్టే వీళ్ళకీ ఆ బాధలన్నీ ఉండేవి. ప్లాస్టిక్ హెడ్లు వచ్చింది 1950ల చివర్లోనే. అంటే మనం ఇవాళ పాత బాంజో సౌండ్ అని మైమరచి వింటున్నదాంట్లో చాలావరకు పాత కంచు, కొత్త ప్లాస్టిక్, కొత్త మెడ, ఇంకా మొన్ననే మార్చిన తీగలు కలిసి చేస్తున్న సౌండ్. కళ్ళకి గంతలు కట్టి నాలుగు బాంజోలు వినిపిస్తే ఇందులో ప్రీవార్ ఏదో నేనైతే చెప్పలేను, చెప్పగలం అనేవాళ్ళలో కూడా చాలామంది చెప్పలేరని నా అనుమానం. మరి ఎందుకీ మోజు?

నా వరకు నాకు దొరికిన జవాబు ఇంకో పాత కథలో ఉంది. 1940ల చివర్లో స్క్రగ్స్ దగ్గర ఆర్‌బీ-75 అనే గిబ్సన్ బాంజో ఉండేది, ఇంకో బాంజో వాద్యకారుడు డాన్ రెనో దగ్గర ఒక గ్రెనాడా. ఆ గ్రెనాడా స్నఫీ జెంకిన్స్ తాకట్టు షాపులో పట్టుకున్నది, ఆయన దగ్గర్నుంచి రెనోకి వచ్చింది, అప్పటికే బాగా నలిగిపోయి ఉంది. ఇద్దరూ మార్చేసుకున్నారు. తనది పాడైపోయి ఉంది కదా, బేరం సమానం కావాలి కదా అని రెనోనే పైన ఒక మార్టిన్ గిటార్ కూడా కలిపాడు. అంత నలిగినదాన్నే స్క్రగ్స్ తీసుకున్నాడంటే చెవి అలాంటిది మరి. ఆ గ్రెనాడా ఆయన 2012లో పోయేదాకా ఆయనతోనే ఉంది. రెనో ఆ ఆర్‌బీ-75కి నెల్లీ అని పేరు పెట్టుకుని జీవితాంతం దాన్నే వాయించాడు. ఇంకో సంగతి, మన్రో బాంజోకి ముందు అడిగింది రెనోనే, 1943లో, ఈయన సైన్యంలో చేరి బర్మా అడవుల్లో తేలాడు, తిరిగొచ్చేసరికి ఆ సీట్లో స్క్రగ్స్ ఉన్నాడు. అలాంటి ఇద్దరు కూర్చుని వాయిద్యాలు మార్చుకున్నారంటే, ఎద్దుల జత మార్చుకున్న రైతుల్లా ఉంటుంది నాకు తలుచుకుంటే.

అంటే వీళ్ళెవరికీ అది అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు. పనిముట్టు. స్క్రగ్స్ ఆ గ్రెనాడా మెడ విషయంలో మధ్యలో మార్పులు కూడా చేయించుకున్నాడు, ఇవాళ్టి కలెక్టర్ ఎవరైనా వింటే గుండె పట్టుకుంటాడు. మన్రో అయితే ఇంకా ఘోరం, ఆయన మాండొలిన్ 1923 జూలై 9న గిబ్సన్‌లో పనిచేసే లాయిడ్ లోర్ సంతకం పెట్టిన గిబ్సన్ ఎఫ్-5, ఫ్లోరిడాలో ఒక క్షౌరశాలలో 150 డాలర్లకి కొన్నాడు, తర్వాత రిపేర్‌కి పంపితే చెప్పిన పనులన్నీ చెయ్యలేదని కోపం వచ్చి తల మీదున్న గిబ్సన్ పేరు చాకుతో గీకి పారేశాడు. అలాగే ఏళ్ళ తరబడి స్టేజీ ఎక్కాడు. 1985లో ఎవరో ఆయన ఇంట్లో దూరి దాన్ని ముక్కలు ముక్కలు చేస్తే ఆ గిబ్సన్ వాళ్ళే ఓపిగ్గా అతికించి ఇచ్చారు. ఇప్పుడు నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

ఇక్కడ ఒక మాట మధ్యలో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పాతది పాతది అని 1930ల దగ్గర ఆగిపోయి సీరియల్ నంబర్లు, స్క్రూల రంగులు లెక్కపెట్టేవాళ్ళని చూస్తే నాకు చిన్న చిరాకు. బాంజో అనేదే ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళు ఇక్కడి గడ్డ మీద సొరబుర్రకి తోలు బిగించి చేసుకున్న వాయిద్యం, పశ్చిమ ఆఫ్రికాలో అకోంటింగ్ అని దానికి దగ్గర చుట్టం ఇప్పటికీ వాయిస్తున్నారు. అందులోనూ ఒక పొట్టి తీగ ఉంటుంది, బొటనవేలితో మీటుతారు, బాంజో అయిదో తీగలాగే. తంబురాలాగా ఆ ఒక్క స్వరం పాట పొడుగునా వెనకాల మోగుతూనే ఉంటుంది. ఆ వాయించినవాళ్ళలో ఎక్కువమంది పేర్లే మిగల్లేదు, సీరియల్ నంబర్ల సంగతి సరేసరి.

పేర్లు మిగలకపోవడం అంటే గుర్తొచ్చింది. పెద్దాయన బాంజోకి ఆర్మ్‌రెస్ట్ ఉంది, కుడి ముంజేయి ఆనించుకునే లోహపు పట్టీ. దాని మీద నికెల్ పూత రెండు చోట్ల పూర్తిగా అరిగిపోయి కింద పసుపు రంగు కనిపిస్తోంది. ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద. కిందది నాదే అన్నాడు, నలభై ఏళ్ళుగా వాయిస్తున్నా కదా. మరి పైది? ఎవరిదో తెలీదంట. టెనర్‌గా ఉన్నప్పుడు వాయించినవాడిది అయ్యుండాలి, ఏ డ్యాన్స్ హాల్లో రాత్రంతా ఫ్లాట్‌పిక్‌తో కార్డ్స్ కొట్టిన జాజ్ మనిషో. ఆయన మెడ ఊడదీసి పెట్టుకున్నాడు గానీ పారెయ్యలేదు, ఆ పాత టెనర్ మెడ గుడ్డలో చుట్టి మంచం కింద భద్రంగా ఉందంట. ఎందుకు అంటే, ఏమో, అతనెవరైనా వచ్చి అడిగితే ఇవ్వాలి కదా అన్నాడు. జోక్ వేశాడనుకుని నేను నవ్వా. ఆయన నవ్వలేదు.

అప్పుడే నా చేతికిచ్చింది. నా ముంజేయి ఆ రెండు అరుగుళ్ళ మధ్యలో ఎక్కడో పడింది. అయిదు కిలోలు పైనే ఉంటుంది బరువు, తొడ మీద కూర్చోగానే తెలుస్తుంది. జి కార్డ్ ఒక్కసారి వేళ్ళతో అలా దువ్వానంతే, గదిలో మాట్లాడుకుంటున్నవాళ్ళు ఇటు తిరిగారు. నా బాంజోలో అయితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, కొంత నా పుణ్యం కూడా ఉందనుకోండి. ఇందులో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా, రాలిన చినుకులా వచ్చింది, దాంతో నా తప్పులన్నీ కూడా అంతే విడిగా, అంతే శుభ్రంగా వినపడ్డాయి. నాలుగు రోల్స్, అంటే వేళ్ళ వరసలు, వేసి ఇచ్చేశా.

మా ఆవిడతో ఇదంతా చెప్తే, మొత్తం విని, "ఎంతండీ అది?" అంది. ఉజ్జాయింపుగా ధర చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పట్టుకున్నారు కదా, చాల్లే ఇంక" అంది.

వచ్చే శుక్రవారం వాన అంటున్నారు. జామ్ జరిగే షెడ్డు ఒక పక్క కారుతుంది కూడా. పెద్దాయనకి ఫోన్ చేసి, ఈసారి ఆ బాంజో తేవద్దండీ, తడిస్తే కష్టం, నేను నాది తెస్తాలే అన్నా. ఆయన అవతల చాలాసేపు దగ్గుతూ నవ్వి, "వానకి భయమైతే నువ్వు ఇంట్లో కూర్చో, ఇది మాత్రం వస్తుంది" అన్నాడు.