వెయ్యో పున్నమి

2024 నవంబరు 13వ తేదీ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు దాటేటప్పటికి నా ఒళ్ళో ల్యాప్‌టాప్, కాళ్ళ దగ్గర నాలుగు ఫైళ్ళున్న సంచి, తల దగ్గర నాన్నగారికి తీసుకున్న పట్టు పంచెల చాపు ఉన్నాయి. నేను హైదరాబాదులో ఒక చిన్న ఆడిటు ఆఫీసు నడుపుతాను. ఆడిటు తప్పనిసరి అయిన వ్యాపారుల ఆదాయపు పన్ను రిటర్నులకు ఆ ఏడాది మొదట ఉన్న గడువు అక్టోబరు 31, అంటే సరిగ్గా దీపావళి రోజు. దాన్ని నవంబరు 15కి పొడిగించారు. ఆ కబురు విని మా వృత్తిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు గాని నాకు మాత్రం దిగులు పట్టుకుంది, ఎందుకంటే నవంబరు 15 కార్తీక పున్నమి, ఆ రోజే మా ఊళ్ళో నాన్నగారి సహస్ర చంద్ర దర్శన శాంతి. గడువు ఎంత జరిగితే కాగితాలు అంత ఆలస్యంగా వస్తాయి. రెండు వారాలు పగలూ రాత్రీ కూర్చున్నా ఇంకా నాలుగు రిటర్నులు మిగిలిపోయాయి, వాటిని వెంటబెట్టుకునే బయల్దేరాను.

అరవై ఏళ్ళకు షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి చేసినట్టే వెయ్యి పున్నములు చూసినవారికి ఈ శాంతి చేస్తారు. వాడుకలో ఎనభై ఏళ్ళ ఎనిమిది నెలలు నిండితే చాలునంటారు, మా సిద్ధాంతిగారు కూడా ఆశ్వయుజంలోనే ముహూర్తం పెడతానన్నారు. నాన్నగారు ఒప్పుకోలేదు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బడి రిజిస్టరులో ఆయన పుట్టినరోజు 1943 జూలై 1 అని ఉంటుంది, ఆ తరంలో ఎంతోమందికి ఉన్నట్టే. అసలు పుట్టింది మాత్రం స్వభాను నామ సంవత్సరం మాఘమాసంలో, రథసప్తమి నాడు. కాబట్టి 1944 మాఘ పున్నమి ఆయనకు మొదటిది. అక్కడి నుంచి 2024 మాఘ పున్నమికి నిండా ఎనభై సంవత్సరాలు, ఏడాదికి పన్నెండు చొప్పున 960. నడుమ వచ్చిన అధిక మాసాలు 30. ఆ తరువాత ఫాల్గుణం మొదలుకొని కార్తీకం దాకా 9. మొదటిదాన్ని కూడా కలిపితే వెయ్యి. ఈ లెక్కంతా ఒక రూళ్ళ నోటు పుస్తకంలో వేసి, తమ్ముడి చేత ఫోటో తీయించి నాకు పంపించారు. నేను వేరే దారిలో సరిచూశాను: చాంద్రమాసం సగటున 29.53 రోజులు, వెయ్యి మాసాలంటే దాదాపు 29,530 రోజులు, అంటే ఎనభై ఏళ్ళ పది నెలలు. నాన్నగారి లెక్క ఎక్కడా తప్పలేదు. ఇక ముహూర్తం ఒక్క రోజు జరపమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఖమ్మం దాటేదాకా పని చేశాను, రెండు రిటర్నులు పూర్తయ్యాయి. సిగ్నల్ వచ్చీపోతూ ఉండడంతో మిగతావి మూసేసి పడుకున్నాను. కొవ్వూరు వస్తోందని ఎదుటి బెర్తులో ఉన్న పెద్దావిడ నన్ను తట్టి లేపారు. ఇంకా చీకటిగానే ఉంది. ఆవిడ కొంగుముడి విప్పి ఒక నాణెం తీసి నా చేతిలో పెట్టి, మరొకటి తాను కిటికీ ఊచల మధ్య నుంచి నీళ్ళలోకి వదిలి దణ్ణం పెట్టుకున్నారు. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన స్తంభాలు పక్కనే నల్లగా వరసగా కనిపించాయి. రాజమహేంద్రవరం వైపు రేవుల దగ్గర అప్పటికే స్నానాలు మొదలయ్యాయి కాబోలు, నీటి అంచున చిన్న చిన్న దీపాలు కదులుతున్నాయి. ఎన్నిసార్లు దాటినా రైలు గోదావరి మీద ఉన్న నాలుగు నిమిషాలూ నేను మరో పని చేయలేను.

తమ్ముడు కారు తీసుకొచ్చాడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ 1852లో పూర్తి చేసిన ఆనకట్టకు బదులుగా తరువాత కట్టిన బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంట లొల్ల లాకుల మీదుగా రావులపాలెం వైపు వెళ్ళాము. దారిలో ఆత్రేయపురంలో పూతరేకులు తీసుకున్నాము. రావులపాలెంలో అరటి గెలలు దించుతున్న లారీల వెనక అరగంట ఆగిపోవలసి వచ్చింది, ఆ అరగంటలోనే తమ్ముడు నాకు ఇంటి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. దసరా ముందు నుంచి కొబ్బరికాయ ధర బాగా పెరిగిందనీ, కాని తెల్లదోమ పట్టిన చెట్లలో కాపు పడిపోవడం వల్ల ఆ ధర మన దాకా అంతగా రాలేదనీ చెప్పాడు. బాబాయి చెరువు పక్క తోట అమ్మేశాడట. పిన్ని కూతురికి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి. నాకు ఎక్కాలు దిద్దించిన పక్కింటి మాస్టారు భాద్రపదంలో పోయారు. ఆ చివరి మాట విన్నాక నేను చాలాసేపు ఏమీ అడగలేకపోయాను. వారం తప్పకుండా ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాను, బాగున్నారా అంటే బాగున్నామన్నారు, తిన్నారా అంటే తిన్నామన్నారు. ఇవేవీ ఆ మాటల్లోకి రాలేదు.

మా ఊరు అంబాజీపేటకు కొద్ది దూరంలో, కాలువ వారగా ఉంటుంది. ఇంటి ముందు అప్పటికే తాటాకు పందిరి వేశారు. అమ్మ వీధి గుమ్మంలోనే ఎదురొచ్చి, "రాత్రి కన్ను మూశావా లేదా?" అని నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటుండగా గూట్లో కుంకుమ భరిణె పక్కన నల్ల కళ్ళజోడు, కంటిలో వేసుకునే చుక్కల మందు కనిపించాయి. ఎవరివని అడిగాను. శ్రావణంలో అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషను అయిందట. ఎడమ కంటికి మరో మూడు వారాల్లో చేస్తారట.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు అది ఊపిరాడని వేళ కదమ్మా. చెబితే పరుగెత్తుకొస్తావు, రాలేకపోతే బాధపడతావు. మరదలు ఉందిగా, దగ్గరుండి చూసుకుంది."

ఆవిడ ఆ మాట ఎంతో మామూలుగా, బియ్యం ఏరుతూ చెప్పింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేను ఎన్ని ఆడిటు నివేదికలు పూర్తి చేశానో నాకు లెక్క ఉంది, ఆ రోజుల్లో అమ్మ కంటికి కట్టు ఉందని మాత్రం తెలియదు. ఆ తప్పు వాళ్ళది కాదు. పని ఎక్కువగా ఉందని ప్రతి ఫోనులోనూ మొదటి మాటగా చెప్పినది నేనే.

ఆ మధ్యాహ్నం మూడో రిటర్ను పూర్తయింది. నాలుగోది కరీంనగర్ వైపు ఒక పత్తి వ్యాపారిది. ఆ ఏడాది ఆయనకు పెద్ద నష్టం వచ్చింది. గడువులోగా రిటర్ను వేస్తేనే వ్యాపార నష్టాన్ని తరువాతి సంవత్సరాల లాభంలో తగ్గించుకోవడానికి వీలుంటుంది. ఒక్క రోజు దాటినా ఆ హక్కు పోతుంది. అందుకే అన్నిటికంటే నన్ను భయపెట్టింది అదే. ఆయన డిజిటల్ సంతకం టోకెను నా దగ్గరే ఉంది గాని, పన్ను ఖాతా తెరవాలంటే ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఆ సాయంత్రం నుంచి ఆయన ఫోను మోగడమే లేదు.

పదిహేనో తేదీ తెల్లవారుజామున అందరం తలంట్లు పోసుకున్నాము. మావారూ అబ్బాయీ వేరే రైల్లో వచ్చి చేరుకున్నారు. పందిట్లో కలశాలు నిలిపి, నవగ్రహాలకు పూజ చేసి, ఆయుష్య హోమం, మృత్యుంజయ హోమం జరిపించారు. హోమం అయ్యాక అమ్మానాన్నలను పీటల మీద కూర్చోబెట్టి, తలల పైన జల్లెడ పట్టి, కలశాల నీళ్ళు ఒక్కొక్కరం పోశాము. కొడుకులూ కూతుళ్ళూ అయ్యాక మనవలు, వాళ్ళ తరువాత బంధువులు. జల్లెడ లోంచి సన్నటి ధారలుగా పడుతున్న నీళ్ళకు నాన్నగారు కళ్ళు మూసుకుని చిన్నపిల్లవాడిలా భుజాలు దగ్గరికి తీసుకున్నారు. ఆ తరువాత కంచు గిన్నెలో కరిగించిన నేతిలో ఇద్దరూ తమ ముఖాలు చూసుకుని ఆ నేతిని దానమిచ్చారు. అమ్మ కుడి కన్నుతో చూసి, ఎడమ కన్నుతో కూడా ఒకసారి చూసి, నా వైపు తిరిగి నవ్వింది. మళ్ళీ మంగళసూత్రం కట్టేటప్పుడు నాన్నగారి వేళ్ళు వణుకుతుంటే మరదలు వెనక నుంచి సాయం పట్టింది. నా చేతిలో ఫోను ఉంది, ఫోటోల కోసమని అందరూ అనుకున్నారు. నేను మాత్రం మధ్య మధ్యలో కరీంనగర్ నంబరే నొక్కుతున్నాను.

కార్తీక మాసం కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ లేని వంట. కందాబచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పెరుగావడ, బూరెలు. ఊరి ఆడవాళ్ళలో సగం మంది ఉపవాసం ఉండి సాయంత్రం గుడికి 365 ఒత్తులు తీసుకెళ్ళవలసినవారే గనుక, వాళ్ళకు పండ్లూ పాలూ ఇచ్చి పంపాము. పలివెల ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడికి వెళ్ళాలని ఉన్నా వెళ్ళలేకపోయాము.

ఐదున్నర దాటాక నాన్నగారిని, అమ్మను మేడ మీదకు తీసుకెళ్ళాము. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యకు అప్పుడు ఉదయం ఏడు గంటలు. సెలవు దొరక్క రాలేకపోయిన వాడు ఫోను తెరలో స్నానం చేసి, పంచె కట్టుకుని కూర్చున్నాడు. తూర్పున కొబ్బరి తలల మీద పలచని మబ్బు ఉంది. అందరం ఎదురు చూస్తూ నిలబడ్డాము, ఎవరూ మాట్లాడలేదు. ఎర్రగా, చాలా పెద్దగా, ముందు సగం ఆకుల చాటున కనిపించి, ఆ తరువాత పూర్తిగా పైకి వచ్చాడు చంద్రుడు. నాన్నగారు అర్ఘ్యం విడిచి చేతులు జోడించి, "ఇదమ్మా వెయ్యోది" అన్నారు. ఎప్పుడూ గొంతు మారని మనిషికి ఆ ఒక్క మాటలో గొంతు మారింది. అన్నయ్య అటువైపు తల దించుకున్నాడు. నేను ఫోను తమ్ముడికి ఇచ్చేసి నాన్నగారి పాదాలకు దణ్ణం పెట్టాను.

కరీంనగర్ నుంచి ఫోను ఎనిమిదింటికి వచ్చింది. ఆయన కుటుంబంతో కలిసి పున్నమి స్నానానికి కాళేశ్వరం వెళ్ళారట, రద్దీలో ఫోను నీళ్ళలో పడిందట, తిరిగి వచ్చి సిమ్ము వేరే ఫోనులో వేసుకున్నారట. ఇటు మా కాలువలో పారేదీ, అక్కడ ఆయన మునిగినదీ ఒకే గోదావరి. మా ఇంట్లో దీపాలు పెట్టి అందరూ గుడికి బయలుదేరుతున్నారు. నేను అరుగు మీద కూర్చున్నాను. నాన్నగారు గుడికి వెళ్ళకుండా నా పక్కన కూర్చుండిపోయారు.

"నాన్నగారూ, మీరు అలిసిపోయారు. లోపలికి వెళ్ళి పడుకోండి."

"ఎన్ని మిగిలాయమ్మా?"

"ఒకటే."

"అయితే కానీయ్. నేను ఉంటాను."

మొదటి ఓటీపీ వచ్చేసరికి సమయం మించిపోయింది. రెండోసారి సైటు తెరుచుకోవడానికే పావుగంట పట్టింది. నష్టం అంకెను నాన్నగారు నా చేతిలోని కాగితం మీద నుంచి ఒక్కొక్క అంకెగా చదివారు, నేను తెర మీద సరిచూసుకున్నాను, చిన్నప్పుడు ఆయన మార్కుల జాబితాలు వేసుకుంటుంటే నేను అలాగే చదివి చెప్పేదాన్ని. తొమ్మిదీ నలభైకి రసీదు నంబరు వచ్చింది. ఆ నంబరు కూడా ఆయనే పైకి చదివించుకుని విన్నారు.

మరునాడు శనివారం తమ్ముడి కూతురికి మొదటి పుట్టినరోజు. పాపకు నూనె రాసి తలంటి, కొత్త పరికిణీ అంచుకు పసుపు పెట్టి కట్టారు. అమలాపురం నుంచి కేకు వచ్చింది. కొవ్వొత్తి వెలిగించాక దాన్ని ఊదడానికి అమ్మ ఒప్పుకోలేదు, పుట్టినరోజు నాడు వెలుతురు ఆర్పకూడదంది. ఆ కొవ్వొత్తిని అలాగే తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టి, పాప చేత బెల్లం పరమాన్నం మొదట తినిపించి, ఆ తరువాతే కేకు కోయించింది. నాకు అది ఎంతో సరైన పని అనిపించింది. ఎనభై ఏళ్ళు దాటిన తాతగారూ ఏడాది నిండిన మనవరాలూ ఒకే పీట మీద కూర్చుంటే ముత్తయిదువులు ఒకే పళ్ళెంతో ఇద్దరికీ హారతి ఇచ్చారు. పాప ఆ దీపం వైపు చెయ్యి చాపింది, నాన్నగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. సంచిలో ఫైళ్ళ జాగాలో ఎండు కొబ్బరి, పూతరేకులు, అమ్మ పెట్టిన ఉసిరికాయ పచ్చడి ఉన్నాయి. రాజమహేంద్రవరం స్టేషనులో రైలు కోసం ఎదురు చూస్తూ, అమ్మ ఎడమ కంటి ఆపరేషను తేదీకి రెండు రోజుల ముందుకు టికెట్టు తీసుకున్నాను, ఆ వారం కార్యాలయం మూసి ఉంటుందని మా గుమాస్తాకు కబురు పెట్టాను. తమ్ముడికి ఆ టికెట్టు చూపిస్తే, "అమ్మకు నువ్వే చెప్పు అక్కా" అన్నాడు. ఫోను చేశాను. అమ్మ ముందుగా, "అప్పుడు నీకు పని ఉండదా?" అని అడిగింది. ఉన్నా వస్తానని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తరువాత, "సరే, వచ్చేటప్పుడు ఆ నల్ల దారం ఉండలు రెండు తీసుకురా, ఇక్కడ మంచివి దొరకడం లేదు" అంది.