ఇది ఎన్ని గంటలప్పటి మంచు?

నా థీసిస్ మూడో అధ్యాయం మీద కమిటీ నిన్న సంతకం పెట్టింది. మూడు నెలలు పడ్డ అవస్థ మరుపున పడకముందే రాస్తున్నాను.

గ్రీన్‌లాండ్ మంచు ఏయే రోజుల్లో కరుగుతోందో ఉపగ్రహ మైక్రోవేవ్ కొలతలతో పట్టుకోవడం నా పని. జపాన్ వారి ఉపగ్రహం మీదున్న ఏఎంఎస్‌ఆర్-2 అనే మైక్రోవేవ్ పరికరం డేటా తీసుకున్నాను. పేరు నమోదు చేసుకుంటే ఉచితం. ఫైల్లోని అంకెను 0.01తో గుణిస్తే బ్రైట్‌నెస్ టెంపరేచర్, అంటే మంచు నుంచి వచ్చే మైక్రోవేవ్‌ల బలాన్ని ఉష్ణోగ్రతగా చెప్పే కొలత, కెల్విన్లలో వస్తుంది.

పొడి మంచు రేణువులు లోపలి నుంచి వచ్చే మైక్రోవేవ్‌లను చెదరగొడతాయి. అందుకే చలికాలంలో బ్రైట్‌నెస్ టెంపరేచర్ కొన్నిచోట్ల 160 కెల్విన్ల దగ్గరే ఉంటుంది. ఆ మంచులో ఒక్క శాతం నీరు చేరితే చాలు, 240 దాటిపోతుంది. మంచు అంత వేడెక్కదు, దాని ఉద్గార గుణం మారుతుంది. చలికాలపు సగటు కంటే ఎంత పెరిగితే కరిగినట్టో ఒక హద్దు పెట్టుకుని పటం గీశాను.

పటంలో పడమటి అంచు తప్ప ఎక్కడా కరుగుదల లేదు. అది 2019 జులై చివరి వారం. 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సమ్మిట్ పరిశోధన కేంద్రంలోనే గాలి సున్నా డిగ్రీలు దాటిన వారం!

కమిటీలోని ఒక పెద్దాయన పటం చూసి అందరి ముందూ అడిగారు: "ఇది ఎన్ని గంటలప్పటి మంచు, అమ్మా?"

"రోజు సగటండీ."

"మంచుకు సగటు ఉండదు. పగలు తడుస్తుంది, రాత్రి బిగుస్తుంది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రాత్రే పటంలోని ఒక గడిని పగలు, రాత్రి విడదీసి చూశాను. పగలు 236, రాత్రి 168, సగటు 202. నేను పెట్టుకున్న హద్దు 205. ఈ ఉపగ్రహం భూమధ్యరేఖను మధ్యాహ్నం 1:30కి ఒకసారి, రాత్రి 1:30కి ఒకసారి దాటుతుంది. రెండింటికీ వేర్వేరు ఫైళ్లున్నాయి. మా ల్యాబ్‌లో నాలుగు బ్యాచ్‌లుగా చేతులు మారిన ప్రోగ్రాం వాటిని కలిపేస్తోంది. ఒక్కరూ తెరిచి చూడలేదు, నేనూ చూడలేదు. సీనియర్ ఇచ్చిన ప్రోగ్రాంను మొదటి వరస నుంచి చదవండి. చదవకుండా ఇచ్చేవాళ్లను మాత్రం నేను క్షమించలేను.

2012 జులై 12న గ్రీన్‌లాండ్ మంచు ఉపరితలంలో దాదాపు 97 శాతం కరిగింది. ఆ సంగతి నాసా శాస్త్రవేత్త సాన్ న్గియెమ్ కంటపడింది మన ఓషన్‌శాట్-2 ఉపగ్రహపు రాడార్ డేటాలోనే. 2009 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి దాన్ని మోసుకెళ్లిన రాకెట్ లేస్తుంటే సూళ్లూరుపేటలో మా డాబా మీద నిలబడి చూశాను. రాడార్‌లో కథ తిరగబడుతుంది: తడి మంచు నుంచి తిరిగివచ్చే సంకేతం పడిపోతుంది.

పగటి పటం, రాత్రి పటం విడివిడిగా గీసి తీసుకెళ్లాను. పెద్దాయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. సంతకం చేస్తూ, తీరం వెంట గడుల్లో సముద్రం కలిసిపోతోందని, వాటిని తీసేయమని చెప్పారు. పొద్దుటి నుంచి ఆ పనిలోనే ఉన్నాను.