అనంతపురం వేరుశెనగ, బెంగళూరు గణితం

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, ఒక రసాయనశాస్త్ర బృందంలో నేను ఒక వేసవి రెండు నెలలు పనిచేశాను. అక్కడ గ్రూపు అంటే ఒక ప్రొఫెసరు, ఏడెనిమిది మంది విద్యార్థులు, వారానికొక మీటింగు. పెన్సిల్ మందం కూడా లేని గాజు గొట్టంలో నమూనా పోసి, పేరు రాసిన చీటీ అంటించి, అణువుల నిర్మాణం తెలిపే ఎన్.ఎం.ఆర్. యంత్రం ఉన్న గదిలో ఇచ్చి మా వంతు కోసం కాచుకునేవాళ్లం. కొంచెం దూరం నడిస్తే గణిత విభాగం. అక్కడ గ్రూపు అంటే నల్లబల్ల ముందు ఇద్దరు మనుషులు, చాలాసేపు మౌనం.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఈ రెండూ కావు; ఏ విభాగంలోనూ ఇమడని వాళ్ల చుట్టూ పుట్టిన బృందాలు. సతీశ్ ధవన్ 1962 నుంచి 1981 వరకు డైరెక్టరుగా ఉన్న కాలంలో అలాంటి వారికి చోటు దొరికింది. భౌతికశాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు నుంచి వచ్చి అణు జీవభౌతిక (మాలిక్యులర్ బయోఫిజిక్స్) విభాగాన్ని నెలకొల్పారు. విద్యుత్ రసాయనశాస్త్రవేత్త అమూల్య రెడ్డి 1974లో 'అస్త్ర' అనే గ్రామీణ సాంకేతిక కార్యక్రమం మొదలుపెట్టారు. పొగ తగ్గించి కట్టెలు ఆదా చేసే మూడు గిన్నెల పొయ్యి అక్కడే రూపుదిద్దుకుంది. ఎలక్ట్రోడ్ల మనిషికి పొయ్యితో ఏం పని అని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, ఆ పొయ్యి వచ్చేదే కాదేమో.

వీటన్నిటికంటే విచిత్రమైనది సైద్ధాంతిక అధ్యయన కేంద్రం. భౌతికశాస్త్రవేత్త ఇ.సి.జి. సుదర్శన్ చొరవతో 1970ల తొలినాళ్లలో ఏర్పడిన ఆ కేంద్రంలో, మూలకణాల సిద్ధాంతకర్తల నడుమ జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్, రుతుపవనాలను అధ్యయనం చేసే సులోచనా గాడ్గిల్ కూడా చేరారు. తర్వాత అక్కడి నుంచే మాధవ్ 1983లో జీవావరణ శాస్త్రాల కేంద్రానికి బాట వేశారు. సులోచన వాతావరణ శాస్త్రవేత్త డి.ఆర్. సిక్కాతో కలిసి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, వానాకాలంలో మేఘాల పట్టీ సముద్రం మీద నుంచి ఉత్తరంగా మళ్లీ మళ్లీ ఎలా కదులుతుందో 1980లో చూపారు.

మాది అనంతపురం జిల్లా కావడంతో, ఆమె బృందం చేసిన మరో పని నాకు సొంత ఇంటి సంగతిలా తోచింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా ప్రాంతపు దశాబ్దాల వర్షపాత లెక్కలను, వేరుశెనగ ఎదుగుదలను అనుకరించే కంప్యూటర్ నమూనాకు జతచేసి, ఏ తేదీల మధ్య విత్తితే పంట పోయే ప్రమాదం తగ్గుతుందో వాళ్లు పరిశీలించారు. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగి కాయ ఊరే వేళకు నేలలో తడి ఉండడమే కీలకం కాబట్టి, తొలి పదునుకే, అంటే విత్తడానికి చాలినంత నేల తడవగానే, విత్తడం అన్నివేళలా మేలు కాదు.

అది చదివిన రాత్రి ఊరికి ఫోన్ చేసి నాయనకు చెప్పాను. ఆయన అంతా విని, "ఈసారి పదునెప్పుడొస్తాదో చెప్పినారా దాంట్లో?" అన్నాడు.

"లేదు నాయనా, ఎప్పుడు విత్తితే నష్టం తక్కువో చెప్పినారు."

"సరే గానీ, చేతికొచ్చిన పదును వదులుకొని, మళ్లా వానొస్తాదని కాచుకునేదెవరు?"